మొదటి ఆయిల్‌లో మెరిసేదేమిటి?

కొత్త బండిని మొదటి సర్వీసింగ్‌కు తీసుకెళ్తే మెకానిక్ ఇంజన్ కింద తొట్టి పెట్టి, అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ దింపుతాడు. అది చల్లారాక ఒక చుక్క వేలి మీదికి తీసుకుని ఎండకేసి చూస్తే, నల్లబడుతున్న జిడ్డులో వెండిపొడి చల్లినట్టు సన్నటి మెరుపు కనిపిస్తుంది. బండి తిరిగింది ఆరేడు వందల కిలోమీటర్లు. అప్పుడే ఇంజన్ అరిగిపోతోందా అని మొదటిసారి చూసినవాళ్లు కంగారు పడతారు. అరుగుతున్న మాట నిజమే, అయితే ఆ అరుగుదల తయారీలో ఒక భాగం. ఫ్యాక్టరీలో ఎంత నున్నగా చెక్కినా, ఒకదాని మీద ఒకటి జారే రెండు లోహపు ముఖాల మీద కంటికి ఆనని ఎగుడుదిగుళ్లు మిగులుతాయి. అవి రాసుకుని, పొడుచుకొచ్చిన మొనలు విరిగి, రెండు ముఖాలూ అమరేదాకా ఆ పొడి రాలుతూనే ఉంటుంది. కొత్త రుబ్బురోలు కొన్నప్పుడు మొదట గుప్పెడు బియ్యమో ఊకో వేసి రుబ్బి, రాతిపొడి కలిసిన ఆ పిండిని పారబోయడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన పనే. బండి దగ్గరికొచ్చేసరికి ఆ మొదటి పిండినే నెలల తరబడి తినిపించేవాళ్లు చాలామంది.

షోరూమ్‌లో తాళం చేతిలో పెట్టేసరికి బండి తయారీ పూర్తయిందనుకుంటాం. ఫ్యాక్టరీ తన వంతు చేసింది. చివరి అంచె మాత్రం రోడ్డు మీద, కొన్నవాళ్ల చేతుల్లో జరుగుతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లలో చేయాల్సిన పనిని ‘జాగ్రత్త’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం వల్లే గందరగోళమంతా వచ్చింది. జాగ్రత్త అనగానే మనకు తోచేవి మూడు: మెల్లగా నడపడం, వారానికోసారి మెరిసేలా కడగడం, సీటు మీది ప్లాస్టిక్ కవరు చిరిగేదాకా తీయకపోవడం. కవరు సంగతి వదిలేద్దాం, దానివల్ల లాభమూ లేదు నష్టమూ లేదు. మిగతా రెండూ మితిమీరితే కీడే చేస్తాయి. అసలు పని వేరే ఉంది. కొత్త భాగాలు ఒకదానికొకటి అమరుతున్నప్పుడు రాలినదాన్ని తీసేయాలి, సాగినదాన్ని బిగించాలి, వదులైనదాన్ని సరిచేయాలి. ఇది ఇంజన్‌కు ఎంత వర్తిస్తుందో చైనుకూ, కేబుళ్లకూ, హ్యాండిల్ కింది కోన్ సెట్టుకూ అంతే వర్తిస్తుంది.

ముందు ఇంజన్ సంగతి. సిలిండర్ లోపలి గోడను అద్దంలా నున్నగా చేయరు. కావాలనే దాని మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు పెడతారు, వాటిలో ఆయిల్ నిలవాలని. పిస్టన్ చుట్టూ ఉన్న రింగులు పైకీ కిందికీ కదులుతూ ఆ గీతల మొనలను అరగదీసి, తామూ కాస్త అరిగి, గోడకు సరిగ్గా ఆనుకుని కూర్చుంటాయి. అలా కూర్చున్నాకే పైన మండిన వాయువు కిందికి కారదు, కింది ఆయిల్ పైకెక్కి కాలదు. ఇక్కడ చాలామంది దృష్టికి రాని సంగతి ఒకటుంది. రింగును గోడకేసి నొక్కేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు; పెట్రోలు మండినప్పుడు పుట్టిన ఒత్తిడి రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి నెడుతుంది. యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది. కొత్త బండి కదా అని నెలరోజులపాటు ముప్పైకి మించకుండా, ఎద్దుల బండికి తోడుగా నడిపినట్టు నడిపితే రింగులు గట్టిగా ఆనవు. మొనలు అరిగే లోపే కాలిన ఆయిల్ పూత గీతల్ని కప్పేసి గోడ నున్నబడిపోతుంది, తర్వాత రింగు కుదురుగా కూర్చోవడం కష్టం. అటు పూర్తిగా తిప్పేసి హైవే మీద ఎగరేసినా ముప్పే. ఇంకా అమరని చోట్ల రాపిడి ఎక్కువై, అక్కడక్కడా వేడి పుట్టి, ఆయిల్ పొర తెగి లోహం లోహాన్ని గీరుతుంది.

బండితో ఇచ్చే పుస్తకం చాలా ఇళ్లలో ఇన్సూరెన్స్ కాగితాలతో కలిసి బీరువాలోకి చేరిపోతుంది. తెరిచి చూస్తే కంపెనీకో అంకె ఉన్నా చెప్పే మాట ఇంచుమించు ఒక్కటే. మొదటి ఐదొందల కిలోమీటర్లదాకా యాక్సిలరేటర్ సగానికి మించి తిప్పొద్దు, వెయ్యి దాటేదాకా పూర్తిగా తిప్పొద్దు, ఒకే వేగంతో ఎక్కువసేపు పోవద్దు, పై గేరులో ఇంజన్ ఈడ్చుకుపోయేలా నడపొద్దు. ఈ నాలుగింటిలో మొదటి రెండే జనం నోళ్లలో నిలిచాయి, చివరి రెండూ జారిపోయాయి. హైదరాబాద్‌లో కొన్న బండిని ఆ రోజే విజయవాడ హైవే ఎక్కించి, 270 కిలోమీటర్ల పైచిలుకు దూరం స్పీడోమీటరు ముల్లు 45 దగ్గర కదలకుండా నడిపినవాడు తాను ఎంతో పద్ధతిగా నడిపానని అనుకుంటాడు. ఇంజన్ లెక్కలో అది మంచి పద్ధతి కాదు. అదే దూరం ఊళ్లో గేర్లు మారుస్తూ, కాసేపు వేగం పెంచుతూ, కాసేపు తగ్గిస్తూ తిరిగితే రింగులూ గేర్ల పళ్లూ రకరకాల బరువుల కింద అమరుతాయి. ఇద్దరిని ఎక్కించుకుని నాలుగో గేరులో ఇరవై కిలోమీటర్ల వేగంతో స్పీడు బ్రేకరు దాటించడం పెట్రోలు పొదుపులా కనిపిస్తుంది గానీ, నిదానంగా తిరిగే ఇంజన్ మీద బరువంతా పడి బేరింగుల మధ్య ఆయిల్ పొర పలచబడేది అప్పుడే.

నిదానమే ప్రధానమన్న ఈ నమ్మకం గాలిలోంచి ఊడిపడలేదు. రాజ్‌దూత్, జావా, ఆర్‌ఎక్స్ 100 కాలంలో రోడ్ల మీద రెండు స్ట్రోకుల బండ్లే ఎక్కువ. వాటిలో పిస్టన్‌కు జిడ్డు అందించేది పెట్రోలుతో కలిసి వెళ్లే ఆయిలే. కొత్త ఇంజన్‌ను వేడెక్కిస్తే పిస్టన్ సిలిండర్‌లో పట్టేసి, బండి నడిరోడ్డు మీద ఉన్నపళంగా ఆగిపోయేది. ఆ భయంతో పుట్టిన అలవాటు ఇంజన్ మారినా మారలేదు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను సామాన్యుడి ఇంటికి చేర్చింది. ట్యాంకు నింపు, మూత పెట్టు, మరిచిపో అనే అర్థంలో దాని ప్రకటన దేశమంతా మోగింది. ప్రకటన ఉద్దేశం పెట్రోలును మరిచిపొమ్మని, జనం ఆయిల్‌నూ మరిచిపోయారు. ఒకవైపు రెండు స్ట్రోకుల నాటి అతిభయం, మరోవైపు ఆ ప్రకటన నేర్పిన అతిధీమా. కొత్త బండిని ఇప్పటికీ ఈ రెండూ కలిసే నడిపిస్తున్నాయి. మెల్లగా నడుపుతాం, ఆయిల్ మాత్రం మార్చం.

దీనికి పూర్తిగా ఎదురుచెప్పే వర్గం ఒకటుంది. కొత్త ఇంజన్‌ను మొదటిరోజే గట్టిగా తోలాలి, లేకపోతే జీవితాంతం పికప్ రాదని రేసింగ్ ఇష్టపడే కుర్రాళ్లు గట్టిగా వాదిస్తారు. ఇందులో సగం నిజముంది, పైన చెప్పిన రింగుల కథే ఆ సగం. బరువు పడందే రింగు కూర్చోదన్నది భౌతికశాస్త్రం, దాన్ని కాదనలేం. మిగతా సగమే తేడా. రేసు ఇంజన్‌ను కొన్ని గంటలు నడిపి విప్పేస్తారు, అరిగినది మార్చేస్తారు. వాళ్లకు కావాల్సింది ఆ కొన్ని గంటల బలం. పాల క్యాన్లు మోసే బండికి, పిల్లల్ని బడిలో దింపే బండికి కావాల్సింది పదేళ్ల ఓపిక. పైగా గట్టిగా తోలే పద్ధతి చెప్పేవాళ్లు చూసేది రింగుల్నే. అప్పుడే చెక్కిన గేర్ల పళ్లు, క్యామ్ ముఖం, క్లచ్ ప్లేట్లు, మెరుపు తగ్గని కొత్త టైరు కూడా అదే బండిలో ఉన్నాయి. అచ్చులోంచి వచ్చిన కొత్త టైరు పైముఖం మొదటి వంద కిలోమీటర్లదాకా నున్నగా ఉంటుంది, రోడ్డును సరిగా పట్టదు. కొత్త బ్రేకు షూలు డ్రమ్ముకు పూర్తిగా తాకవు. ఇంజన్ సిద్ధంగా ఉందని వాదించినా బ్రేకులూ టైర్లూ సిద్ధంగా లేని రోజున నూరు దాటించడం ఏ లెక్కలోనూ తెలివి కాదు. వేగం చురుగ్గా పెంచి, కాసేపటికే వదిలి, మళ్లీ పెంచడం, అదీ సగం యాక్సిలరేటర్‌లోపే చేయడం ఈ రెండు వర్గాల మధ్య దారి. కంపెనీ పుస్తకం చెప్పేదీ దాదాపు అదే.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. ఇప్పటి యంత్రాలు మిల్లీమీటరులో వెయ్యో వంతుదాకా కొలిచి చెక్కుతాయి, సిలిండర్ గోడ మీది మొనల్ని ఫ్యాక్టరీలోనే చాలావరకు కోసేస్తారు, ఇంకా ఈ పాతకాలపు తంతు ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెక్కుడు మెరుగైన మాట నిజం. ఒకప్పుడు రెండు మూడు వేల కిలోమీటర్లు కాపాడుకోవాల్సి వచ్చేది ఇప్పుడు చాలా బండ్లలో వెయ్యితో ముగియడానికి కారణం అదే. తగ్గింది అంటే పోయిందని కాదు. మొదటి ఆయిల్‌లో మెరుపు ఇంకా కనిపిస్తూనే ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నియమాలొచ్చి, కార్బురేటర్ పోయి, పెట్రోలు లెక్కను సెన్సర్లు చూసుకుంటున్నాయి కాబట్టి బండి తనను తానే చూసుకుంటుందన్న ధీమా కూడా ఈ మధ్య పెరిగింది. ఆ కంప్యూటరు ఎంత పెట్రోలు చిమ్మాలో తేలుస్తుంది. వదులైన చైనును బిగించదు, ఆయిల్‌లోని లోహపు పొడిని ఏరిపారేయదు.

ఆ పొడి గురించి మరికాస్త చెప్పాలి, ఎందుకంటే మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే 100 సీసీ బండ్లలో దాన్ని పట్టే ఏర్పాటు చాలా తక్కువ. కార్లలో ఉండే మందపాటి కాగితపు ఆయిల్ ఫిల్టరు వీటిలో చాలావాటికి ఉండదు. ఒక తీగ జల్లెడ, దానికి తోడు గిర్రున తిరుగుతూ బరువైన మడ్డిని అంచుకు నెట్టే ఒక గిన్నె, అంతే. జల్లెడ కన్నాల కంటే సన్నటి పొడి ఆయిల్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. పైగా బండి ఇంజన్‌లో ఉండేది లీటరుకు అటూ ఇటూ ఆయిల్. ఆ కాస్త ఆయిలే పిస్టన్‌కూ, గేర్లకూ, క్లచ్ ప్లేట్లకూ పనిచేయాలి. గేర్ల నుంచి రాలింది పిస్టన్ దగ్గరికీ, క్లచ్ నుంచి రాలింది క్యామ్ దగ్గరికీ పోతుంది. కాబట్టి ఆ పొడి బయటికి పోయే అసలు దారి డ్రెయిన్ బోల్టే. కంపెనీని బట్టి మొదటి సర్వీసింగ్ 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య, లేదా నెలా రెండు నెలల్లోపు అని రాసి, పక్కన ‘ఏది ముందైతే అది’ అంటారు. ఈ చివరి మాటను చాలామంది కంపెనీ చాదస్తం అనుకుంటారు. రోజుకు అయిదారు కిలోమీటర్లు బజారుకూ బ్యాంకుకూ తిరిగే బండికి రెండు నెలలైనా నాలుగొందలు దాటవు, అప్పుడే సర్వీసింగ్ దేనికని వాయిదా వేస్తారు. నిజానికి అలాంటి బండికే గడువు ముఖ్యం. రెండు కిలోమీటర్లు పోయి ఆగే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. మండగా పుట్టిన నీటి ఆవిరి, మండని పెట్రోలు ఆయిల్‌లోకి దిగి అక్కడే ఉండిపోతాయి. వేడెక్కితే ఆవిరైపోయేవి, వేడెక్కే అవకాశమే రాదు. ఇంటింటికీ భోజనం చేర్చే డెలివరీ కుర్రాడిది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. అతని బండికి వెయ్యి కిలోమీటర్లు పది రోజుల్లోనే పూర్తవుతాయి, సర్వీసింగ్‌కు ఇచ్చిన రోజు కూలి పోతుంది, అందుకే వాయిదా పడుతుంది. సాయంత్రం ఇచ్చి మర్నాడు తీసుకునే వీలు చాలాచోట్ల ఉంది. ఆ పద్ధతికి ఇంకో లాభం కూడా ఉంది, తర్వాత చెబుతాను.

ఏ ఆయిల్ పోయాలన్నది కూడా మొదటిసారే తప్పు జరిగే చోటు. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్ చల్లగా ఉంటుందన్న నమ్మకం రోడ్డు పక్క షెడ్లలో బలంగా ఉంది. 10డబ్ల్యూ-30 పోయమని పుస్తకంలో ఉన్న బండిలో 20డబ్ల్యూ-50 పోస్తే తెల్లవారుజామున స్టార్టు చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిల్ పైనున్న క్యామ్ దాకా చేరడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. రామగుండం, రెంటచింతల ఎండలు చూసి చిక్కటిది కావాలనిపించడం సహజమే. అయితే కంపెనీ ఆ అంకె వేసింది లోపలి సందుల్ని బట్టి, మన ఎండలు తెలిసే. సీసా మీద చూడాల్సిన రెండో మాట జాసో ఎంఏ లేదా ఎంఏ2. గేర్ల బండ్లలో క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి క్లచ్ ప్లేట్ల మీదికి చేరితే పట్టు తప్పి ఇంజన్ అరుపే గానీ బండి కదలిక ఉండదు. అందుకే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ మోటార్‌సైకిళ్లకు వేరుగా ఈ గుర్తు పెట్టింది. మెకానిక్‌ను నమ్మొద్దని కాదు, సీసా తిప్పి వెనక చదవడానికి అరనిమిషం చాలు. నెలకు రెండుసార్లు ఆయిల్ మట్టం చూసుకోవడం కూడా మొదటి నెలల్లోనే అలవాటు కావాలి, రింగులు కూర్చునేలోపు కొత్త ఇంజన్ కాస్త ఆయిల్ తాగడం మామూలే. బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టి, ఇంజన్ కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. చాలా బండ్లలో ఆ పుల్లను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలని పుస్తకం చెబుతుంది. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువున్నట్టు కనిపిస్తుంది.

ఇంజన్ తర్వాత ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది చైను. కొత్త చైను సాగిందంటారు. ఇనుప పలకలు రబ్బరులా సాగవు. చైనులో వంద దాకా కీళ్లుంటాయి, ఒక్కో కీలులో పిన్నూ దాని తొడుగూ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో రాసుకుని అమరుతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగిందనుకున్నా మొత్తం రెండు మిల్లీమీటర్లు పొడవు పెరిగినట్టే. ఆ పెరుగుదల మొదట్లో వేగంగా ఉండి తర్వాత నిదానిస్తుంది. అంటే చైనును ఎక్కువసార్లు చూసుకోవాల్సింది బండి కొత్తగా ఉన్నప్పుడే, మనం చూసేది గరగరా చప్పుడు మొదలయ్యాక. మామూలు 100, 125 సీసీ బండ్లలో చైను కేసు కిందున్న రబ్బరు మూత తీసి, వేలితో చైనును పైకీ కిందికీ కదిపితే రెండు నుంచి మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి, కాస్త అటూ ఇటూగా. వదులు చైను స్ప్రాకెట్ పళ్లను కొరుకుతుంది. బిగువు చైను ఇంకా పాడు చేస్తుంది. వెనక ఇద్దరు కూర్చుని బండి కుదుపుకు కిందికి దిగినప్పుడు ఆ బిగువంతా గేరుబాక్సు షాఫ్టు బేరింగు మీద పడుతుంది. అందుకే ‘బాగా బిగించు అన్నా’ అని మెకానిక్‌కు చెప్పడం ప్రేమతో చేసే హాని. చైను బిగించడానికి వెనక చక్రాన్ని వెనక్కి జరపాలి కాబట్టి, రెండువైపులా గీతలు ఒకే చోటికి వచ్చాయో లేదో చూడాలి, ఆపైన వెనక డ్రమ్ము బ్రేకు ఆట కూడా మళ్లీ సరిచేయాలి. రెండోది మర్చిపోవడం షెడ్లలో మామూలు. ఇక జిడ్డు. ఐదొందల కిలోమీటర్లకోసారి, వానలో తడిసిన ప్రతిసారీ, గేర్ ఆయిలో చైను స్ప్రేనో పెట్టాలి. గ్రీజు పూస్తే కీళ్ల లోపలికి దిగకుండా పైనే ఉండి దుమ్మును అంటించుకుంటుంది. ఇంజన్ నుంచి దింపిన పాత ఆయిల్‌ను చైనుకు పూయడం మనకు అలవాటైన పొదుపు. ఈ వ్యాసం మొదట్లో చూసిన ఆ వెండిపొడినే తీసుకెళ్లి చైను కీళ్లలో పోయడమది. విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరాల్లో ఉప్పుగాలికి నెలలోపే చైను ఎర్రబడుతుంది. అక్కడ ఐదొందల లెక్క కూడా ఎక్కువే.

కేబుళ్లు, కోన్ సెట్టు, స్పోకులు కూడా ఇలాగే మొదట్లోనే సర్దుకుంటాయి. క్లచ్ కేబుల్ లోపలి తీగ సాగి లివరు ఆట మారుతుంది; లివరు చివర ఒకటి రెండు సెంటీమీటర్ల ఆట లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టక ప్లేట్లు కాలతాయి. హ్యాండిల్ కింది కోన్ సెట్టులో గోళీలు తమ గాడిలో కూర్చుని కాస్త వదులవుతాయి, ముందు బ్రేకు పట్టినప్పుడు టక్కుమంటే అదే. అల్లాయ్ చక్రాలకు ఈ బాధ లేదు గానీ స్పోకుల చక్రమైతే మొదటి సర్వీసింగ్‌లో ఒక్కో స్పోకూ తట్టి బిగువు చూడాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లకు కనీసం సీబీఎస్ తప్పనిసరైంది. కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటది. చాలా బండ్లలో దాన్ని లాగేది కూడా ఒక కేబులే కాబట్టి సాగే జాబితాలో అదీ చేరింది. వీటన్నిటికంటే విచిత్రమైనది ట్యాపెట్. వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య మిల్లీమీటరులో పదో వంతుకు దరిదాపుల్లో సందు వదులుతారు. కొత్త ఇంజన్‌లో వాల్వు తన పీటలోకి దిగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది. సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు చేస్తుంది, మనం పరుగెత్తుకెళ్తాం. తగ్గితే ఇంజన్ ఇంకా నిశ్శబ్దమవుతుంది, మనం మురిసిపోతాం. ఆ నిశ్శబ్దంలోనే వాల్వు పూర్తిగా మూసుకోక, మండే వాయువు అంచుల్లోంచి దూరి దాన్ని కాల్చేస్తుంటుంది.

ఈ సందును ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, వేడికి లోహం పెరిగి అంకె మారుతుంది. పొద్దున్నే తొమ్మిదింటికి ఇరవై కిలోమీటర్లు నడుపుకొచ్చి ఇచ్చిన బండి పదింటికి సర్వీసింగ్ బల్ల ఎక్కితే ఆ కొలతకు విలువ లేదు. ముందు రోజు సాయంత్రం ఇచ్చేస్తే లాభమని పైన అన్నది ఇందుకే. సర్వీసింగ్ సెంటర్ల మీద మనకున్న ఫిర్యాదులు చాలావరకు సబబే. దసరాకు, ధనత్రయోదశికి వందల బండ్లు అమ్మిన షోరూమ్‌కు నెలా రెండు నెలలు తిరక్కుండానే అవన్నీ ఒక్కసారి మొదటి సర్వీసింగ్‌కు వస్తాయి, ఒక్కో బండికి దక్కేది కొద్ది నిమిషాలు. అయితే ఆ నిమిషాలు దేనికి పోతున్నాయో కూడా చూడాలి. ముందుగా, ఎక్కువసేపు జరిగేది నీళ్లతో కడగడం. మనం తీసుకునేటప్పుడు చూసేది మెరుపునే కాబట్టి వాళ్లు దాని మీదే శ్రద్ధ పెడతారు. ప్రెషర్ పంపు నీళ్లు చైను జిడ్డును కడిగేస్తాయి, చక్రాల బేరింగుల్లోకి, వైర్ల జాయింట్లలోకి దూరతాయి. కడగొద్దు, చైను, ట్యాపెట్, కోన్ సెట్టు చూడండి అని జాబ్ కార్డు మీద రాయించినవాళ్లకు మిగిలే సమయం అసలు పనికి దొరుకుతుంది. ఉచితం అన్న మాట కూడా అర్థం చేసుకోవాలి. కూలి ఉచితం, ఆయిల్ డబ్బు మనదే. బిల్లు చూసి మోసమనుకుని రెండో సర్వీసింగ్ మానేసేవాళ్లున్నారు.

ఇదంతా కంపెనీలు డబ్బు గుంజే ఎత్తని, బాబాయి బండి పదేళ్లుగా ఏ సర్వీసింగూ లేకుండా పరుగెడుతోందని వాదించేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. బాబాయి బండి అబద్ధం కాదు. ఆ పదేళ్లలో బోరుకొచ్చి, నీలిపొగ వదిలి, సగం ధరకు అమ్ముడైన బండ్లు వీధిలో కనపడవు, మెకానిక్ షెడ్డు వెనక కనిపిస్తాయి. మిగిలినదాన్ని మాత్రమే చూసి లెక్క వేస్తే లెక్క ఎప్పుడూ బాబాయికే అనుకూలం. డబ్బు మాటకొస్తే, లీటరు ఆయిల్ ఐదొందలలోపు. సిలిండర్ బోరింగు చేయించి కొత్త పిస్టన్, రింగులు వేయించడం వేలల్లో. కంపెనీకి స్వార్థం లేదని ఎవరూ అనరు. వారంటీ షరతుల్లో సర్వీసింగ్ తేదీలు తప్పితే క్లెయిము తోసిపుచ్చే వీలు వాళ్లు తమకు తాము ఉంచుకున్నారు. మూడేళ్లో ఐదేళ్లో వారంటీ ఇస్తున్నామని చెప్పుకునేది వాళ్లే, కూపన్ మీద ముద్ర లేదని తప్పించుకునేదీ వాళ్లే. ఆ ముద్ర వేయించుకుని ఉంచుకోవడం కంపెనీ మీద ప్రేమతో కాదు, రేపు ఆ సాకు చెప్పకుండా. కొన్న రెండో రోజే పెద్ద హారనూ ఫ్యాన్సీ లైట్లూ పెట్టించడానికి వైర్లు కోసి జాయింట్లు వేయిస్తే ఆ సాకును మనమే చేతికిచ్చినట్టు. క్రాష్ గార్డు పెట్టించేటప్పుడు కూడా ఒకటి గమనించాలి. కొన్ని బండ్లలో దాన్ని ఇంజన్ పట్టుకునే బోల్టులకే తగిలిస్తారు, ఫ్యాక్టరీ బిగించిన బోల్టు అప్పుడే వదులైపోతుంది.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారుల్లోనో, మొక్కజొన్న నూర్పిళ్ల కాలంలో పల్లె రోడ్ల మీదనో తిరిగే బండికి పుస్తకంలోని ఎయిర్ ఫిల్టర్ గడువు వర్తించదు, ముందే మార్చాలి. మార్చాలి అంటున్నది ఊరికే కాదు. చాలా బండ్లలో వాడేది జిడ్డు పట్టించిన కాగితం, దుమ్ము దానికి అంటుకుని ఆగుతుంది. కంప్రెసర్ గాలితో ఊదితే జిడ్డు పోయి, కాగితం చిల్లులు పడి, సన్నటి ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. అప్పుడే కుదురుకుంటున్న రింగులకు అంతకంటే పెద్ద శత్రువు లేదు. ఊది పెట్టిన ఫిల్టరు తెల్లగా కనిపిస్తుంది, అందుకే అందరికీ తృప్తి.

చివరగా మైలేజీ, కొత్త బండి మీద వచ్చే మొదటి ఫిర్యాదు. ప్రకటనలో డెబ్బై అన్నారు, నలభై ఐదే వస్తోందని మూడో రోజే షోరూమ్‌కు వెళ్లేవాళ్లున్నారు. రింగులు కూర్చోని, గేర్లు, బేరింగులు ఇంకా రాసుకుంటున్న ఇంజన్ ఆ రాపిడికే కొంత పెట్రోలు ఖర్చు పెడుతుంది. బ్రేకులు కూడా డ్రమ్ముకు కాస్త రాసుకుంటూ ఉండొచ్చు. టైర్లలో గాలి సరిపోకపోతే ఇంకొంత పోతుంది. డెలివరీకి ముందు హడావుడిలో గాలి సరిగా చూడని బండ్లు తక్కువేమీ కాదు. వెనక మనిషి ఎక్కినప్పుడు వెనక టైరుకు ఎక్కువ గాలి కావాలన్న సంగతి చైను కేసు మీదో పక్క ప్యానెల్ మీదో ఉన్న స్టిక్కరులోనే ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ అంకెకు పట్టించాలి. మొదటి ఆయిల్ మార్చి, వెయ్యి దాటి, చైను బిగువు సరిచేసుకున్నాక ఒక పొద్దున బంకులో గన్ను దానంతటదే ఆగేదాకా ట్యాంకు నింపి, కిలోమీటర్ల అంకె రాసిపెట్టుకోవాలి. సగానికి పైగా ఖర్చయ్యాక అదే బంకులో మళ్లీ అలాగే నింపి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. ఇలా మూడుసార్లు తీసిన సగటు ఎంతో, ఆ దారుల్లో ఆ బండికి మైలేజీ అంత.